టాప్ ఎండా? బేసా?

లగ్జరీ సెడాన్ కొనాలన్నది అమెరికా వచ్చిన కొత్తలోనే పుట్టిన కోరిక. ఇండియా నుంచి అమ్మానాన్నలు డాలస్ వచ్చేలోగా తీసుకుందామని, 2023 లెక్సస్ ఈఎస్ చూడటానికి వెళ్లాం. సేల్స్‌మన్ మమ్మల్ని నేరుగా అల్ట్రా లగ్జరీ దగ్గరికే తీసుకెళ్లాడు. ఆ మెత్తటి లెదర్ సీట్లు తాకగానే నా మనసు జారింది. పాట్‌లక్‌లో ఎవరైనా ‘టాప్ ఎండేనా?’ అంటే దర్జాగా తల ఊపొచ్చు!

‘ఏమండీ, ఆ ఎక్కువ డబ్బుకి మనకేం వస్తుందో ఒకసారి రాసి చూడండి’ అంది మా ఆవిడ. ఆ రాత్రి ఎక్సెల్ షీట్ తెరిచాను.

ఈఎస్ 350లో ఏ ట్రిమ్ తీసుకున్నా అదే 3.5 లీటర్ల వీ6 ఇంజిన్, అదే 302 హార్స్‌పవర్. పది ఎయిర్‌బ్యాగులు, ఎదురుగా వాహనమో మనిషో అడ్డొస్తే తానే బ్రేకు వేసే వ్యవస్థ బేస్‌లోనూ ఉన్నాయి. వెనక సీట్లో కాళ్లు పెట్టుకునే జాగా అన్నింట్లోనూ 39.2 అంగుళాలే. బేస్‌లో సీట్లకు నులక్స్ అనే కృత్రిమ తోలు, లగ్జరీలో అసలు తోలు, అల్ట్రా లగ్జరీలో ఇంకా మెత్తటి సెమీ అనిలిన్ తోలు. ఎఫ్ స్పోర్ట్ హ్యాండ్లింగ్‌కు 19 అంగుళాల చక్రాలు, రోడ్డును బట్టి సర్దుకునే సస్పెన్షన్ అదనం.

హైబ్రిడ్ లెక్క వేరు. ఈఎస్ 350 గ్యాలన్‌కు సగటున 26 మైళ్లిస్తే, 300హెచ్ 44 ఇస్తుంది. పవర్ మాత్రం 215కి తగ్గుతుంది. ఏటా 15,000 మైళ్లు తిరిగే మాకు దాదాపు 235 గ్యాలన్లు మిగులు.

బేస్ హైబ్రిడ్ తీసుకున్నాం. మిగిలిన డబ్బు అమ్మ మోకాలి ఆపరేషన్‌కు పంపాం. పాట్‌లక్‌లో ‘బేసేనా?’ అన్నప్పుడు కాస్త చివుక్కుమంది, అబద్ధమెందుకు! మరుసటి ఏడాది ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ అమ్మ వెనక సీట్లో కూర్చుని, ‘కాళ్లకు ఇబ్బంది లేదురా, హాయిగా ఉంది’ అంది. ఆ చివుక్కు అక్కడితో పోయింది.

రోజూ గంటల తరబడి డ్రైవ్ చేసేవారికి మంచి సీటు అవసరమే కావచ్చు. తప్పులేదు. సంతకం చేసేముందు కిటికీకి అంటించిన స్టిక్కర్ చదవండి. 1958 చట్టం ప్రకారం కొత్త కారు మీద అసలు ధర, ఆప్షన్ల ధరలు విడివిడిగా ఉండాల్సిందే. ఒక్కో దాని పక్కన, అది ఇంట్లో ఎవరికి పనికొస్తుందో రాసుకోండి. పేరు రాయలేని చోట డబ్బు పెట్టకండి.