స్పానిష్‌కి అమ్మ భాషే దగ్గరి దారి

మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుందా అమ్మాయి. పుట్టి పెరిగింది గన్నవరంలోనే. డిగ్రీ అయిపోయింది. కేసరపల్లి వైపు ఐటీ కంపెనీ బస్సులు తిరగడం మొదలైనప్పటి నుంచీ "ఏదైనా విదేశీ భాష వస్తే మంచి ఉద్యోగం వస్తుందట అత్తయ్యా" అంటూ ఉండేది. పోయినేడాది వాళ్ళమ్మ పాలు పోసిన డబ్బులు కూడబెట్టి స్పానిష్ క్లాసులో చేర్పించింది. రోజూ బస్సెక్కి విజయవాడ వెళ్ళొచ్చేది. నెలన్నర తిరక్కుండానే మానేసింది.

"ఏమ్మా?" అని అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అంతా ఇంగ్లిషులోనే చెబుతున్నారు అత్తయ్యా. నాకు ఇంగ్లిషే అంతంత మాత్రం. ఇంక స్పానిష్ ఎక్కడొస్తుంది? అమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు" అంది.

నాకు స్పానిష్ పెద్దగా రాదు. అయితే మా అమ్మాయి పురిటికని టెక్సాస్ వెళ్ళి ఆర్నెల్లు ఉన్నాను. పక్కింట్లో మెక్సికో ఆవిడ. ఆవిడకీ ఇంగ్లిషు తక్కువే, నాకూ తక్కువే. కూరగాయలు, పిల్లలు, మోకాళ్ళ నొప్పులు... ఆడవాళ్ళకి మాటలకేం కరువు? అక్కడ నాకు అర్థమైంది ఒక్కటే. స్పానిష్ నేర్చుకునే తెలుగువాళ్ళు ఇంగ్లిషు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళక్కర్లేదు.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఆ మాటే చెప్పాను. నమ్మలేదు. "అయితే విను" అన్నాను.

ముందు అచ్చులు చూడండి. స్పానిష్‌లో ఉన్నవి అయిదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడ రాసినా అదే పలుకు. ఇంగ్లిషులోలా ఒకే అక్షరం నాలుగు రకాలుగా నోరు తిప్పదు. ఇంగ్లిషు అలవాటుతో చదివితేనే చిక్కు. 'కమ్' అని మనం చదివే మాటని వాళ్ళు 'కోమె' అంటారు, 'తింటాడు' అని అర్థం. 'వన్స్' అని చదివేది 'ఒన్సె', అంటే పదకొండు. 'రెడ్' లాగా కనిపించేది వల!

హల్లులూ అంతే. వాళ్ళ 'త', 'ద' అచ్చంగా మన 'త', 'ద'లే. ఇంగ్లిషు మీడియం పిల్లలే నాలుక మడిచి 'ట', 'డ' అంటారు. టమాటాని 'తొమాతె' అనాలి. 'హ' రాసినా పలకరు. 'వ' రాసిన చోట 'బ' పలుకుతారు కనుక మన విజయవాడ వాళ్ళ నోట కాస్త బెజవాడ వైపే మళ్ళుతుంది. చిన్నప్పుడు అక్షరమాలలో దిద్ది మర్చిపోయిన 'ఞ' గుర్తుందా? అది అక్కడ రోజూ వాడకంలో ఉంది. స్పెయిన్‌ని వాళ్ళు పిలిచేదే 'ఎస్పాఞ' అని. బండి 'ఱ' కూడా బతికే ఉంది. 'పెరొ' అంటే 'కాని', 'పెఱ్ఱొ' అంటే కుక్క. తేడా పలక్కపోతే నవ్వుతారు, నన్ను చూసి నవ్వారు కూడా.

ఇక వాక్యం. అసలు సంగతి ఇక్కడే ఉంది.

'నాకు మామిడిపండు ఇష్టం' అంటాం మనం. ఇంగ్లిషువాడు 'నేను' అని మొదలుపెడతాడు. స్పానిష్‌వాళ్ళు మనలాగే 'నాకు' అంటారు: 'మె గుస్త ఎల్ మాంగొ'. 'నాకు తల నొప్పిగా ఉంది' అన్నట్టే 'మె దుఎలె ల కబేస' అంటారు. తల నాదేనని వేరే చెప్పక్కర్లేదు, ఇద్దరికీ! 'విజయవాడ వెళ్తున్నాను' అంటే ఎవరు వెళ్తున్నారో క్రియ చివరే తెలిసిపోతుంది కనుక 'నేను' వదిలేస్తాం. వాళ్ళూ 'బొయ్' అంటే చాలు. మాట్లాడతాను, మాట్లాడతావు అని మనం తోక మార్చినట్టే 'ఆబ్లొ', 'ఆబ్లాస్' అని మారుస్తారు.

ఇంగ్లిషు ద్వారా నేర్చుకునేవాళ్ళని నెలల తరబడి ఏడిపించేది 'ఎస్', 'ఎస్తా' అనే రెండు మాటలు. ఇంగ్లిషులో రెండింటికీ ఒకటే క్రియ. మనకో? 'ఆమె టీచరు' అంటాం, క్రియే ఉండదు. అక్కడ 'ఎస్' పెట్టండి. 'ఆమె ఇంట్లో ఉంది', 'పులుసు వేడిగా ఉంది' అంటాం. అక్కడ 'ఎస్తా' పెట్టండి. ఈ లెక్క అన్నిచోట్లా సరిపోదు కానీ మొదటి మెట్టు ఎక్కడానికి బాగానే పనికొస్తుంది.

నువ్వు, మీరు తేడా కూడా ఉంది. చనువుంటే 'తు', మర్యాదకి 'ఉస్తేద్'. 'తమరి దయ' లాంటి పాత మాట నలిగి నలిగి 'ఉస్తేద్' అయిందట. మన 'తమరు' గుర్తుకు రావడం లేదూ?

అంతా సుఖమే అంటే అబద్ధమే. వాళ్ళకి ప్రతి వస్తువూ ఆడదో మగదో అయి తీరాలి. బల్ల ఆడది, 'ల మేస'. పుస్తకం మగది, 'ఎల్ లిబ్రొ'. మన తెలుగులో ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, కుక్క వచ్చింది. ఆడవాళ్ళని వస్తువుల్లో కలిపేసిన వ్యాకరణం మనది, బల్లకి చీర కట్టిన వ్యాకరణం వాళ్ళది! సాధారణంగా చివర 'అ' ఉంటే ఆడ, 'ఒ' ఉంటే మగ. అలాగని చెయ్యి 'మానొ' మగది కాదు, రోజు 'దియ' ఆడది కాదు. అందుకే మాటని ఒంటరిగా బట్టీ పట్టొద్దు. 'ల'నో 'ఎల్'నో కలిపే నేర్చుకోండి.

ఇంతా నేర్చుకుంటే ఎవరితో మాట్లాడతాం అంటారా? స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలు ఇరవై దాకా ఉన్నాయి. అమెరికాలో నాలుగు కోట్ల మందికి పైగా ఇంట్లో మాట్లాడేది స్పానిషే. అక్కడ చాలా బళ్ళలో మన మనవలూ నేర్చుకుంటున్నారు.

అంత దూరం ఎందుకు, అనంతపురం చూడండి. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడికి వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలుపెట్టారు. 2009లో ఆయన పోయారు. స్పెయిన్‌లో ఎందరో అక్కడి పిల్లల చదువుకి సాయం చేశారు. పిల్లలు తెలుగులో రాసిన ఉత్తరాలు అనువాదమై వాళ్ళకి చేరేవి. డిగ్రీ చదివిన పల్లెటూరి పిల్లలకి ఇంగ్లిషుతో పాటు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పే బడి కూడా పెట్టిందా ట్రస్టు. కరువు సీమ నుంచి వచ్చి, ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లలు స్పానిష్ నేర్చుకోగా లేనిది మనకేం తక్కువ?

ఉద్యోగం మాట దాచకుండా చెప్పాలి. పరీక్షలకి ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. మొదటి రెండు మెట్లతో కంపెనీలు పిలవవు. నాలుగోదైన బీ2 దాకా వెళ్ళాలి, అది నెలల్లో అయ్యే పని కాదు. స్పెయిన్ ప్రభుత్వం గుర్తించే 'దెలె' పరీక్షలు చూసేది ఢిల్లీలోనూ శాఖ ఉన్న సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్. హైదరాబాద్ ఇఫ్లూలో అయితే స్పానిష్‌లో డిగ్రీయే చదవచ్చు. మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అని బోర్డు కనిపిస్తే మాత్రం ఫీజు కట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి.

మా అమ్మాయికి నేను పెట్టిన నియమాలు రెండే. రోజూ ఇరవై నిమిషాలు, అదీ పైకి వినపడేలా. మొదటి పదిహేను రోజులే తెలుగు లిపిలో రాసుకోవాలి, ఆ తర్వాత వాళ్ళ స్పెల్లింగే. వంటింట్లో ఇడ్లీలు లెక్కపెడుతూ అంకెలు నేర్చుకుంది. ఫోన్లో పాఠాలు వింది. క్లాసు మానేసిన సంగతీ వాళ్ళమ్మకి చెప్పేసింది. ఆవిడ ఓ పూట మాట్లాడలేదట. సాయంత్రానికి "సరే, ఆ నేర్చుకున్నదేదో నాకూ చెప్పు" అందట.

ఏడు నెలలైంది. ఉద్యోగం ఇంకా రాలేదు, ఏ1 పరీక్షకి తయారవుతోంది. మొన్న వాళ్ళింటికి వెళ్తే తల్లి గోంగూర పచ్చడి నూరుతోంది. నన్ను చూడగానే "వదినా, మె గుస్త గోంగూర!" అంది. అంతలోనే కూతురి వైపు తిరిగి, "దీనికి 'ఎల్' పెట్టాలా, 'ల' పెట్టాలా?" అని అడిగింది. ఆ పిల్ల పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

"చివర 'అ' ఉందిగా... 'ల'."

"మరి నంజుకునే ఉల్లిపాయో?"

"సెబోయ. అదీ 'ల'నే అమ్మా."