టైరు ఒక పక్కే అరుగుతోందా? లోపం వేరేచోట ఉంది

చెరకు ఆకు పండుబారితే, ఆకు కోసేసినంత మాత్రాన ఎర్రకుళ్లు తెగులు పోదని బోధన్ ప్రాంతపు రైతుకు తెలుసు. గడను చీల్చి లోపల చూడాలి. కారు టైరు సంగతీ అంతే. ఒక అంచు నున్నగా గుండైపోయి, రెండో అంచున గాడులు నిలిచే ఉంటే, ఆ టైరు తీసి కొత్తది వేసినంతలో రోగం కుదరదు. కొన్నాళ్లకు కొత్త టైరూ అదే పక్కన అరుగుతుంది. వేల రూపాయలు రెండుసార్లు పోతాయి.

ఏ అరుగుదలకు ఏ కారణం?

టైరు రెండు అంచులూ అరిగి, నడుమ గాడులు మిగిలితే గాలి తక్కువైందని అర్థం. నడుమ అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువైంది. ఒకే అంచు అరిగితే చక్రం నిలువుగా నిలవక ఒక పక్కకు వాలుతోందనో, ముందు చక్రాలు రెండూ సమంగా నడవడం లేదనో అనుకోవాలి. అక్కడక్కడ గుంతలు పడినట్లు అరిగితే షాక్ అబ్జార్బర్లు పట్టు తప్పాయో, చక్రం బ్యాలెన్సింగ్ చెడిందో చూపించాలి. ఒక్కచోటే చదునుగా గీసుకుపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం తిరగకుండా జారిందన్నమాట.

కంటికి తెలియనిది చేతికి తెలుస్తుంది. కారు ఆపి, టైరు చల్లబడ్డాక, దాని మీద అరచేతిని అడ్డంగా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నిదానంగా జరిపి చూడాలి. ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున కొడవలి నొక్కుల్లా గరుకుగా తగిలితే చక్రాల వరుస తప్పిందని గుర్తు. తీగలు బయటపడిన టైరును మాత్రం తడమరాదు, చేయి కోసుకుంటుంది.

లోపలి అంచు బయటినుంచి కనబడదు. స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పితే ముందు టైర్ల లోపలి భాగం కొంత బయటికి వస్తుంది. వెనుక టైర్లను వంగి చూడవలసిందే.

మన దారులు, మన టైర్లు

రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. దాని మీది రోడ్డు అక్కడక్కడ కుంగుతుంది. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు. ఎదురుగా ట్రాక్టరు వస్తే కారు ఒక పక్క చక్రాలు తారు అంచు దిగి, మళ్లీ ఎక్కాలి. ఆ దెబ్బకు, గుంతలో పడ్డ దెబ్బకు చక్రాల వరుస కొద్దిగా తప్పుతుంది. ఒకప్పుడు ఎడ్లబండి ఇరుసు వంగితే చక్రం వాలి, ఇనుప పట్టా ఒక పక్కే అరిగేది. అప్పుడు పట్టా మార్చితే లాభం లేదు, ఇరుసునే సరిచేయాలి. ఇప్పుడు కారుకు చేయించే వీల్ అలైన్‌మెంట్ అలాంటి పనే.

అయితే దానికీ ఒక క్రమం ఉంది. చక్రాన్ని పట్టే బాల్ జాయింట్లు, బుష్‌లు, టై రాడ్ చివరలు వదులుగా ఉంటే అలైన్‌మెంట్ ఎంత బాగా చేసినా నిలవదు. ముందు వాటిని చూపించి, అరిగినవి మార్పించి, ఆ తర్వాతే అలైన్‌మెంట్ చేయించాలి. కారు ఒక పక్కకు లాగుతుంటే అలైన్‌మెంట్, వేగం మీద స్టీరింగు అదురుతుంటే బ్యాలెన్సింగ్ ముందుగా చూపించుకోవలసినవి. ఈ రెంటికీ అయ్యే ఖర్చు వందల్లో ఉంటుంది. టైర్ల ఖర్చు వేలల్లో ఉంటుంది.

టైర్లను ముందువి వెనక్కు, వెనకవి ముందుకు మార్చుకోవడం మంచి అలవాటే. సుమారు పది వేల కిలోమీటర్లకు ఒకసారి చేస్తే నాలుగూ సమంగా అరుగుతాయి. కాని లోపం సరిచేయకుండా మార్చితే రెండు టైర్లు చెడేచోట నాలుగూ చెడతాయి.

గాలి చల్లగా ఉన్నప్పుడే

ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే, ఆ పక్క స్తంభానికి అంటించిన చీటీలో రాసి ఉంటుంది. మనుషులు నిండుగా ఉంటే ఎంత, తక్కువగా ఉంటే ఎంత అన్నది చాలా కార్లలో విడిగా ఇస్తారు. తెల్లవారి, కారు నడపకముందు చూసిన లెక్కే సరైన లెక్క. పంక్చరు లేకున్నా టైరులో గాలి నెలకు కొంత తగ్గుతుంది. కనుక నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు చూడాలి. స్టెప్నీని మరువరాదు.

ఎండాకాలంలో గాలి తగ్గించి నడపాలన్న మాట చాలామంది నమ్ముతారు. అది తప్పు. గాలి తక్కువైన టైరు పక్కలు ప్రతి చుట్టుకూ మడతపడి మరింత వేడెక్కుతాయి. పేలే ప్రమాదం అప్పుడే ఎక్కువ. నడిచి వేడెక్కిన టైరులో గాలి నాలుగైదు పౌండ్లు పెరగడం సహజం. దాన్ని తీసేయరాదు.

ప్రాణం మీది సంగతి

టైరు గాడుల మధ్య అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు ఎక్కడైనా ఆ గట్ల మట్టానికి అరిగిందంటే దాని ఆయుష్షు తీరినట్లే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలూ కార్లకు ఈ కొలతనే హద్దుగా పెట్టాయి. గాడులు లేని టైరు వానలో నీటిని పక్కకు తోయలేదు. బ్రేకు వేసినా కారు జారిపోతుంది.

బయటి అంచు కొత్తగా కనబడుతూ, లోపలి అంచున తీగలు తేలిన టైరు అన్నిటికన్నా మోసకారి. పెళ్లివారిని ఎక్కించుకుని, మే నెల ఎండలో డిచ్‌పల్లి దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద వేగంగా పోతుండగా అది పేలితే కారు చేతిలో ఉండదు. ఒకవేళ పేలితే గాభరాగా బ్రేకు తొక్కకూడదు. స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టి, ఆక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీసి, వేగం తగ్గాక పక్కకు నిలపాలి.

కొత్త టైరు వేయించే ముందు పాతదాన్ని దుకాణంలో వదిలేసి రాకుండా మెకానిక్కుకు చూపి, ఏ పక్క అరిగిందో, ఎందుకు అరిగిందో అడగాలి. జవాబు దొరికాకే కొత్తది బిగించడం మేలు.