మీకు తెలుసా? తడి గాలిలోనే ఆరే పూత

రంగైనా వార్నిషైనా ఎండ కాస్తే త్వరగా ఆరుతుంది, ముసురు పడితే ఓ పట్టాన ఆరదు. జపాన్‌లో చెక్కతో చేసిన సూప్ గిన్నెలకు వేసే ‘ఉరుషి’ పూత తీరు మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు. గాలిలో తేమ 70, 80 శాతం ఉంటేనే అది చక్కగా గట్టిపడుతుంది! అందుకే పూత వేసిన గిన్నెల్ని ‘మురో’ అనే చెక్క అల్మరాలో పేర్చి, లోపల తడి చేసి తలుపు మూస్తారు.

ఉరుషి అంటే ఒక చెట్టు పాలు. అందులోని ఉరుషియోల్ అనే జిడ్డు పదార్థాన్ని లాకేస్ అనే ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్ సాయంతో గట్టి పొరగా అల్లుతుంది. ఆ ఎంజైమ్ పని చేయాలంటే తేమ ఉండాల్సిందే. ఒకసారి గట్టిపడిందా, నీళ్లకూ ఆల్కహాలుకూ కరగదు. పొగలు కక్కే మిసో సూప్ రోజూ పోసినా లోపలి చెక్కకు తడి అంటదు.

పచ్చిగా ఉన్నప్పుడు ఒంటికి తగిలితే మాత్రం దద్దుర్లు, బొబ్బలు. మామిడికాయ ముచ్చిక తుంచగానే చిమ్మే సొన మూతిని ఎలా కాలుస్తుందో మనకు తెలుసు కదా! ఈ చెట్టూ మామిడి కుటుంబానిదే. చాకలివారు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడిదీ అదే కుటుంబం.

పాలు తీయాలంటే చెట్టుకు 10 నుంచి 15 ఏళ్లు నిండాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా బెరడు మీద గాట్లు పెడితే వచ్చేది సుమారు 200 గ్రాములు. తర్వాత ఆ చెట్టును కొట్టేస్తారు, మోడు మళ్లీ చిగురిస్తుంది. ఇంత అపురూపమైన ఈ ఉరుషితో జపాన్‌లోని వాజిమా పట్టణంలో చేసే పని చూడండి. గిన్నె అంచులకు గుడ్డ అతికించి, కాల్చిన మట్టిపొడి కలిపిన ఉరుషిని పొర మీద పొరగా పట్టిస్తారు. మొత్తం పని వంద దశలు దాటుతుంది. 2024 జనవరి 1న వచ్చిన భూకంపం అక్కడి పనిశాలల్ని ఎన్నింటినో కూల్చేసింది. అయినా కళాకారులు మళ్లీ పనిలోకి దిగారు.

మన ఏటికొప్పాక లక్క దారి వేరు. లక్క పురుగు ఇచ్చే జిగురది. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్కను ఒత్తితే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. వేడికి పట్టిన పూత వేడికే మెత్తబడుతుంది. మీ ఇంట్లో ఏటికొప్పాక గిన్నె ఉంటే పసుపు, కుంకుమ పెట్టుకోండి, వేడి కాఫీ మాత్రం పోయకండి.