కోశంలో కోశం

పూర్వం లేఖకులు ఒకే కావ్యానికి అనేక తాళపత్ర ప్రతులు వ్రాసేవారు. ఒక ప్రతిలో దొర్లిన తప్పును సవరించినంత మాత్రాన తక్కిన ప్రతులు బాగుపడేవి కావు. సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీగా కూర్చేవారికి నేడు ఎదురవుతున్న చిక్కు ఇటువంటిదే.

సోర్స్‌కోడ్‌ను మార్పుల చరిత్రతో సహా భద్రపరచే కోశాన్ని రిపాజిటరీ అంటారు. ఇందుకై లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ అనే సాధనాన్ని రూపొందించాడు. ఒక కోశానికి మరొక కోశంలోని కోడ్ అవసరమైనప్పుడు దానిని సబ్‌మాడ్యూల్‌గా చేర్చుకోవచ్చు. అయితే ప్రధాన కోశంలో చేరేది ఆ కోడ్ కాదు. అది లభించే చిరునామా, కావలసిన కూర్పును సూచించే గుర్తు మాత్రమే. ఆ రెండవ కోశం మూడవదానిపై ఆధారపడి ఉండవచ్చు.

ముద్రిత పుటలను చదివి కంప్యూటర్ అక్షరాలుగా మార్చే టెస్సరాక్ట్ ఇందుకు చక్కని ఉదాహరణ. అది తెలుగును కూడా చదవగలదు. దానిని పరీక్షించడానికి వలసిన గూగుల్‌టెస్ట్ సబ్‌మాడ్యూల్‌గా ఉంటుంది. తెలుగు లిపికి సంబంధించిన డేటా వేరొక కోశంలో ఉంటుంది. గిట్‌హబ్ యాంత్రికంగా తయారుచేసే సోర్స్‌కోడ్ జిప్ ఫైలులో సబ్‌మాడ్యూళ్ల కోడ్ చేరదు. వాటి స్థానంలో ఖాళీ ఫోల్డర్లే కనిపిస్తాయి. ప్యాకేజీని నిర్మించే సమయంలో ఇంటర్నెట్ నుండి ఏదీ తెచ్చుకోరాదని డెబియన్ వంటి లినక్స్ పంపిణీల నియమం. కనుక లోపించిన భాగాలను ముందుగానే సమకూర్చుకోవాలి.

ఇందుకు రెండు మార్గాలున్నాయి. సబ్‌మాడ్యూళ్లన్నింటినీ నిర్దేశించిన కూర్పులతోనే తెచ్చి ఒకే కట్టగా చేయడం మొదటిది. ఇది సులభమే గాని, ప్రతి ప్యాకేజీలోనూ అదే కోడ్‌కు ఒక ప్రతి పేరుకుపోతుంది. 2002లో జెడ్‌లిబ్ అనే లైబ్రరీలో భద్రతాలోపం బయటపడినప్పుడు, దాని ప్రతులను తమలో ఇముడ్చుకున్న అనేక ప్రోగ్రాములను విడివిడిగా సరిదిద్దవలసి వచ్చింది. ఆ లైబ్రరీని ప్రత్యేక ప్యాకేజీగా ఉంచి, అందరూ దానినే వాడుకొనడం రెండవది. అప్పుడు ఒకచోట చేసిన సవరణ అందరికీ చేరుతుంది. అయితే రచయిత కోరిన కూర్పు, పంపిణీలో ఉన్న కూర్పు వేరైతే ప్రోగ్రాము పనిచేయకపోవచ్చు. అందుచేత పరీక్ష తప్పనిసరి. డెబియన్ సాధ్యమైనంత వరకు రెండవ మార్గాన్నే అనుసరిస్తుంది.

దేవనకొండలో ఒక విద్యార్థి ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌లో పాత తెలుగు పుస్తకాన్ని అక్షరీకరించదలచాడనుకుందాం. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న ప్యాకేజీలలో ఒక్కటి లోపించినా అతని శ్రమ ఫలించదు. చిరునామా తెలిసినంత మాత్రాన గ్రంథం చేతికందదు. వలసినవన్నీ సమకూర్చి, వాటి పొందిక పరీక్షించి అందించినప్పుడే ప్యాకేజీ సార్థకమవుతుంది.