పాదరసం పని బంగారం చేతికి

కోయిలకుంట్లలో పదో తరగతి పిల్లలకు ఆవర్తన పట్టిక చెబుతుంటే ఓ అమ్మాయి అడిగింది: “సార్, బంగారం తుప్పు పట్టదు, యాసిడ్‌కు గూడా లొంగదంటిరి గదా, మరి కెమిస్ట్రీలో దానికేం పని?” చక్కటి ప్రశ్న. దేన్నీ అంటిపెట్టుకోని ఆ గుణమే కర్బన రసాయనంలో బంగారానికి పెద్ద పని తెచ్చిపెట్టింది.

వెల్డింగు షాపులో కార్బైడు మీద నీళ్లు పడగానే బుసబుసమని పొంగే గ్యాసు అసిటిలీన్. రెండు కార్బన్లు, వాటి మధ్య మూడు బంధాలు. అక్కడ ఎలక్ట్రాన్లు ఎంత ఒత్తుగా ఉన్నా నీటి అణువు తనంతట తాను వచ్చి చేరదు, మధ్యవర్తి, అంటే ఉత్ప్రేరకం, కావాలి. చాలాకాలం ఆ పని పాదరసం చేసింది. జపాన్‌లోని మినమాటా ఫ్యాక్టరీలో అసిటాల్డిహైడ్ అలాగే తయారైంది. దాంతోపాటు పుట్టిన మిథైల్ పాదరసం సముద్రంలో కలిసి, చేపల ద్వారా మనుషుల నరాలకు ఎక్కింది. ఆ జబ్బు 1956లో బయటపడింది.

మరి పాదరసం పనికి బంగారం ఎలా సరిపోతుంది? పట్టికలో పాదరసం 80, పక్కనే బంగారం 79. పాదరసం రెండు ఎలక్ట్రాన్లు, బంగారం ఒకటి వదులుకుంటే ఇద్దరికీ మిగిలేవి 78. పైగా బంగారం కేంద్రకం లాగుడికి అతి దగ్గరి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి మించి పరుగెడతాయి. ఐన్‌స్టీన్ సాపేక్షత ప్రకారం బయటి 6ఎస్ ఆర్బిటాల్ కూడా లోపలికి ముడుచుకుంటుంది. బంగారం పసుపు రంగుకూ, దాని అయాన్‌కున్న ఎలక్ట్రాన్ల ఆకలికీ కారణం ఇదే.

ఇప్పుడు ఫ్లాస్కులోకి చూద్దాం. ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ గోల్డ్ క్లోరైడ్ అనే తెల్లపొడిని ద్రావణం చేసి వెండి లవణం కలిపితే, సిల్వర్ క్లోరైడ్ తెల్లగా అడుగుకు దిగుతుంది. క్లోరిన్ వదిలిన బంగారు అయాన్ నేరుగా వెళ్లి త్రిబంధం మీద కూర్చుని, ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. కార్బన్‌కు కొరత ఏర్పడుతుంది. అప్పుడు నీటిలోని ఆక్సిజన్, బంగారం ఉన్న వైపు కాకుండా ఎదుటి వైపు నుంచి వచ్చి ఒక కార్బన్‌ను పట్టుకుంటుంది. రెండో కార్బన్‌కు బంగారం అంటుకుని ఉంటుంది. ఓ ప్రోటాన్ రాగానే ఆ చోటు దానికిచ్చి, మరో అణువును వెతుక్కుంటూ పోతుంది. మిగిలిన అణువు సర్దుకుని కీటోన్ అవుతుంది, అసిటిలీన్ అయితే అసిటాల్డిహైడ్. ఇలాంటి చర్యలు చాలావరకు గాలికీ తేమకూ బెదరవు. గట్టిగా లాగడం, పని కాగానే వదలడం: ఈ రెండూ కలిసి ఉండటమే బంగారం గొప్ప.

తర్వాతి కథ వేగంగా నడిచింది. పీవీసీ పైపులకు మూలసరుకైన వినైల్ క్లోరైడ్‌ను అసిటిలీన్ నుంచి చేయడానికి పాదరసం కన్నా బంగారం మేలని రసాయన శాస్త్రవేత్త గ్రాహం హచింగ్స్ 1985లో అంచనా వేశారు. 1987లో జపాన్ శాస్త్రవేత్త హరుటా బంగారు నానో కణాలతో కార్బన్ మోనాక్సైడ్‌ను సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలోనే ఆక్సీకరించారు. 1998లో టెలెస్ బృందం బంగారు అయాన్‌తో ఆల్కైన్లకు, అంటే త్రిబంధమున్న అణువులకు, మిథనాల్ చేర్చింది. మన హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో నితిన్ పాటిల్ బృందం ఈ రసాయనంపై పనిచేసింది.

ఖరీదు మాటేమిటంటారా? ఉత్ప్రేరకం ఖర్చయిపోదు, చిటికెడు బంగారమే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. పాదరసం చౌక అనుకున్నవాళ్ల లెక్కలో మినమాటా పిల్లల ఖర్చు ఎక్కడా లేదు.