గేరు దూరం తగ్గుతుంది.. భారం పెరుగుతుంది!

* షార్ట్ షిఫ్టర్‌పై కోయంబత్తూరు కుర్రకారు మోజు
* బిగించే ముందు బుష్షులు చూడాలంటున్న మేస్త్రీలు
* ఘాట్ రోడ్డులో గేరు జారితే ప్రాణాల మీదికే

కోయంబత్తూరు: చెయ్యి కాస్త కదిపితే చాలు, టక్కున గేరు పడాలి. మాన్యువల్ గేర్ల కారు నడిపే కుర్రాళ్ల కోరిక ఇది. కంపెనీ ఇచ్చిన గేరు రాడ్ పొడుగ్గా ఉందని, ఒకటి నుంచి రెండుకు లాగడానికి చెయ్యి చాలా దూరం పోతోందని వారి ఫిర్యాదు. దీనికి బజారులో దొరికే మందు పేరు 'షార్ట్ షిఫ్టర్'. గేరు రాడ్ కదిలే దూరాన్ని తగ్గించే పరికరమిది. సరిగ్గా బిగిస్తే సరదాగానే ఉంటుంది. తప్పుగా బిగిస్తే మాత్రం వాల్పారై మలుపుల్లో గేరు పడక, బండి న్యూట్రల్‌లో కిందికి జారుతుంది. అందుకే దీని సంగతి పూర్తిగా తెలుసుకున్నాకే చెయ్యి పెట్టాలన్నది అనుభవమున్న మేస్త్రీల మాట.

మోటారు ఊరు.. మన వాళ్ల ఊరు

కోయంబత్తూరుకు మోటార్లతో అనుబంధం నిన్నటిది కాదు. కొంగునాట తరాల కిందటే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పుట్టిన జి.డి.నాయుడు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి-పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. అదే తర్వాత యూఎంఎస్ పేరుతో పెద్ద సంస్థయింది. రేసింగ్‌లోనూ ఈ ఊరిది ముందు వరుసే. మారుతి 800 ఇంజినుతో తక్కువ ఖర్చులో 'ఫార్ములా మారుతి' రేసు కార్లు తయారుచేసిన కరివర్ధన్ ఇక్కడివారే. 1995లో విమాన ప్రమాదంలో మరణించిన ఆయన పేరు మీదే చెట్టిపాళయంలో 2003లో కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది. 2005లో ఫార్ములా వన్ బరిలో దిగిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్‌దీ ఈ ఊరే.

అలాంటి ఊళ్లో కారుకు ఏదో ఒకటి చేయించాలన్న ఉబలాటం కుర్రాళ్లకు ఉండటంలో వింతలేదు. పీలమేడు, గణపతి, ఆవారంపాళయం వైపు వెళితే లేతు పట్టే షాపులకు కొదవలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, స్పానర్ల దగ్గర ఇంగ్లిషు కలిపి మాట్లాడుకునే వాతావరణం. 'అన్నా, గేరు షార్ట్ చేసిస్తారా?' అని కుర్రాడు అడిగితే, 'చేయొచ్చు తమ్ముడూ.. ముందు బండి తీసుకురా, ఉన్న గేరు ఎలా ఉందో చూద్దాం' అన్నదే మంచి మేస్త్రి నోట వచ్చే తొలి జవాబు.

అంతా తూకం లెక్కే

షార్ట్ షిఫ్టర్‌లో మాయ ఏమీ లేదు. బావి ఏతం, బరువెత్తే గునపం ఏ సూత్రం మీద పనిచేస్తాయో ఇదీ అంతే. గేరు రాడ్ మధ్యలో ఒక గుండు ఉంటుంది. రాడ్ దాని మీద ఊగుతుంది. గుండుకు పైన చేత్తో పట్టుకునే భాగం, కింద గేరుబాక్సును కదిలించే భాగం. పై భాగం ఎంత పొడుగుంటే చెయ్యి అంత దూరం కదలాలి. బలం మాత్రం తక్కువ సరిపోతుంది.

ఉదాహరణకు గుండు పైన 300 మిల్లీమీటర్లు, కింద 60 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అంటే అయిదింతలు. కింది కొస 20 మిల్లీమీటర్లు కదలాలంటే పైన చెయ్యి 100 మిల్లీమీటర్లు కదలాలి. ఇప్పుడు కింది భాగాన్ని 75 మిల్లీమీటర్లకు పెంచితే అది నాలుగింతలే అవుతుంది. అదే పనికి చెయ్యి 80 మిల్లీమీటర్లు కదిలితే చాలు. దూరం అయిదో వంతు తగ్గింది. బాగానే ఉంది. కానీ కింది కొస కదలడానికి 10 కిలోల బలం కావాలనుకుంటే మొదట చెయ్యి 2 కిలోలు పెట్టేది, ఇప్పుడు రెండున్నర కిలోలు పెట్టాలి. అంటే బరువు పాతిక శాతం పెరిగింది. దూరం తగ్గించి, భారం తగ్గించే కిట్ ఏదీ లేదు. ఒకటి పోతేనే ఒకటి వస్తుంది.

పై భాగాన్ని కోసి పొట్టి చేసినా లెక్క ఇదే. 300ను 240 చేస్తే అదే నాలుగింతలు. కాకపోతే నాబ్ 60 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. స్టీరింగు మీద నుంచి చెయ్యి అంత లోతుకు పోవాల్సి వస్తుంది. పొడుగ్గా ఉండేవారికి ఇది ఇబ్బందే.

గేరుబాక్సు లోపల మారేది సున్నా

షార్ట్ షిఫ్టర్ వేస్తే బండి వేగం పెరుగుతుందని కొందరి భ్రమ. గేరుబాక్సు లోపల పళ్ల చక్రాలు అవే. లోపలి ఫోర్కు జరగాల్సిన దూరమూ అదే. మారేది చేతికి, బాక్సుకు మధ్య ఉన్న లంకె మాత్రమే.

ఇక్కడే అసలు ప్రమాదం దాగి ఉంది. ఒక గేరు నుంచి ఇంకో గేరుకు పోయేటప్పుడు రెండు భాగాల వేగాన్ని కలపడానికి లోపల సింక్రో రింగులుంటాయి. అవి రాపిడితో వేగం సరిచేశాకే గేరు పడుతుంది. దానికి క్షణకాలం కావాలి. రాడ్ పొట్టిదైంది కదా అని ఆ క్షణం తగ్గదు. ఆగకుండా బలవంతంగా తోసేస్తే రింగులు అరిగిపోతాయి. ముందు రెండో గేరు కర్రుమంటుంది. తర్వాత పడటమే మానేస్తుంది. అప్పుడు గేరుబాక్సు దించి విప్పడం తప్ప దారి లేదు. కిట్ ఖర్చుకు అది ఎన్నో రెట్లు.

మీ బండిలో ఉన్నది ఏ లంకె?

అన్ని కార్లకూ ఒకే కిట్ సరిపోదు. లంకెలు మూడు రకాలు.

మొదటిది నేరుగా దిగేది. ఇంజిను పొడుగువారీగా ఉండి వెనక చక్రాలు తిరిగే బండ్లలో రాడ్ నేరుగా గేరుబాక్సు తలలోకి దిగుతుంది. 1985లో వచ్చిన మారుతి జిప్సీ లాంటివి ఈ కోవలోవి. వీటిలో రాడ్ తీసినప్పుడు బాక్సు నోరు తెరుచుకుంటుంది. చిటికెడు మట్టి పడినా నష్టమే. శుభ్రంగా తుడిచి, గుడ్డ కప్పి పనిచేయాలి.

రెండోది రాడ్ లంకె. ఇంజిను అడ్డంగా ఉండే పాత తరం చిన్న కార్లలో రాడ్ కింద నుంచి ఇనుప కడ్డీ గేరుబాక్సు దాకా పోతుంది. దాని కీళ్ల దగ్గర రబ్బరు, ప్లాస్టిక్ బుష్షులుంటాయి. వదులయ్యేది ఇవే.

మూడోది కేబుల్ లంకె. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. రెండు కేబుళ్లుంటాయి. ఒకటి ముందుకూ వెనక్కూ, రెండోది ఎడమకూ కుడికీ. వీటికి కిట్ రెండు చోట్ల వేయొచ్చు. కారు లోపలి లివర్‌ను మార్చడం ఒక పద్ధతి. బానెట్ కింద గేరుబాక్సు మీదుండే చెయ్యిని మార్చి, కేబుల్ తగిలే చోటును ఇరుసుకు దగ్గర చేయడం ఇంకో పద్ధతి. ఆ చెయ్యికి చాలా కార్లలో కంపెనీవాళ్లు ఒక ఇనుప దిమ్మ తగిలించి ఉంచుతారు. గేరు మెత్తగా, ఒకే ఊపున పడటానికే ఆ బరువు. దిమ్మ లేని కిట్ వేస్తే దూరం తగ్గినా గేరు గరుకుగా తగులుతుంది.

ముందు బుష్షులు చూడండి

లక్ష కిలోమీటర్లు తిరిగిన బండిలో గేరు రాడ్ గంటె తిప్పినట్టు తిరుగుతుందంటే తప్పు రాడ్ పొడుగుది కాదు. అరిగిన బుష్షులది, సాగిన కేబుల్ కొసలది, కుంగిన ఇంజిను మౌంటింగులది. క్లచ్చి పూర్తిగా విడవకపోయినా గేరు బరువుగానే పడుతుంది. గేరు ఆయిల్ పాతబడినా, తగ్గినా అంతే. వీటిని సరిచేస్తే సగం మందికి షార్ట్ షిఫ్టర్ అవసరమే ఉండదు. బుష్షుల ఖర్చు వందల్లో పోయేది, కిట్ ఖర్చు వేలల్లో ఉండేది. అరిగిన బుష్షుల మీద కొత్త కిట్ వేస్తే ఆ వదులు మరింత బయటపడుతుంది తప్ప తగ్గదు.

ఇంకో మాట. లేతు దగ్గర పాత రాడ్‌ను కోసి, ముక్క కలిపి వెల్డింగు పెట్టించే అలవాటు మంచిది కాదు. వెల్డు పక్కన వేడికి ఇనుము గుణం మారుతుంది. చేతికి తెలియకుండానే అక్కడ సన్నని పగులు మొదలవుతుంది. రోజూ వందల సార్లు లాగి తోసే రాడ్ అది. విరిగేది ఎప్పుడో, ఎక్కడో ఎవరూ చెప్పలేరు.

బిగింపు ఇలా..

పని పద్ధతి బండిని బట్టి మారినా, వరుస మాత్రం ఒక్కటే.

బండిని సమంగా ఉన్న నేల మీద ఆపాలి. గేరును న్యూట్రల్‌లో ఉంచాల్సి ఉంటుంది కాబట్టి హ్యాండ్‌బ్రేకు ఒక్కటే నమ్ముకోకుండా చక్రాలకు దిమ్మలు పెట్టాలి. బండి కిందికి దూరాల్సి వస్తే జాకీ మీద వదిలేయకూడదు, స్టాండ్లు తప్పనిసరి. సైలెన్సర్ గొట్టం చల్లారేదాకా ఆగాలి.

ఎయిర్‌బ్యాగులున్న కార్లలో వాటి కంట్రోల్ పెట్టె తరచూ గేరు రాడ్ దగ్గరే, మధ్య కన్సోల్ కిందే ఉంటుంది. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, కారు పుస్తకంలో చెప్పినంత సేపు ఆగాకే కన్సోల్ మీద చెయ్యి వేయాలి. ఆ పెట్టెను కదిలించకూడదు.

తర్వాత నాబ్, తోలు కవరు, కన్సోల్ వరుసగా తీయాలి. ప్రతి దశలో సెల్‌ఫోనుతో ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు. కేబుల్ కొసలు ఎక్కడ తగిలాయో మార్కరుతో గీత పెట్టుకోవాలి. ప్లాస్టిక్ సాకెట్‌ను స్క్రూడ్రైవరుతో గబుక్కున పెకలిస్తే విరుగుతుంది. దానికి కేబుల్ మొత్తం మార్చాల్సి రావచ్చు.

పాత లివర్ తీశాక గుండు, దాని గిన్నె పరిశీలించాలి. గీతలు పడి ఉంటే కొత్తవి వేయాలి. గ్రీజు పెట్టి కొత్త లివర్ కూర్చోబెట్టాలి. బోల్టులు కంపెనీ చెప్పిన లెక్కకే, టార్క్ రెంచితో బిగించాలి.

అసలు పని కేబుల్ సర్దుబాటు దగ్గర ఉంది. లోపల లివర్, బయట గేరుబాక్సు చెయ్యి రెండూ సరిగ్గా న్యూట్రల్‌లో ఉన్నప్పుడే కేబుల్‌ను బిగించాలి. రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా ఒక గేరు పూర్తిగా పడదు. పడినట్టే అనిపించి, లోడు పడగానే జారిపోతుంది.

ఇంజిను ఆపి ఉంచే అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా వేసి చూడాలి. ముఖ్యంగా రివర్సు. అయిదో గేరు నుంచి పొరపాటున రివర్సులోకి పోకుండా ఉండే అడ్డు పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలి. చివరి కొసకు వెళ్లినప్పుడు రాడ్ కన్సోల్‌కు తగలకూడదు. తగిలితే గేరు సగమే పడిందని అర్థం. ఆ తర్వాత ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

ఘాట్ రోడ్డే అసలు పరీక్ష

ఆళియార్ నుంచి వాల్పారైకి 40 హెయిర్‌పిన్ మలుపులు. ఎక్కేటప్పుడు గేరు తప్పితే బండి ఆగుతుంది, అంతే. దిగేటప్పుడు తప్పితే వేరు. వాలులో బండిని పట్టి ఉంచేది చిన్న గేరులో ఉన్న ఇంజినే. మూడు నుంచి రెండుకు దించేటప్పుడు గేరు పడక న్యూట్రల్‌లో ఉండిపోతే ఆ పట్టు పోతుంది. భారమంతా బ్రేకుల మీద పడుతుంది. వరస మలుపుల్లో బ్రేకులు వేడెక్కితే పట్టు తగ్గుతుంది. ఇంట్లో వాళ్లను ఎక్కించుకుని కొండ ఎక్కే బండికి కొత్త పరికరం బిగించిన మర్నాడే ప్రయాణం పెట్టుకోవద్దని చెప్పేది ఇందుకే. కొత్త దూరానికి చెయ్యి అలవాటు పడటానికి కొన్ని రోజులు కావాలి. రెండు గేర్ల మధ్య సందు కూడా చిన్నదై, మూడు అనుకుని ఒకటి వేసే ప్రమాదం మొదట్లో ఉంటుంది.

చట్టం మాటేమిటి?

బండి తయారీదారు ఇచ్చిన మూల స్వరూపానికి విరుద్ధంగా మార్పులు చేయరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద వచ్చిన తీర్పు ఇది. గేరు రాడ్ పొడుగు ఆర్సీ పుస్తకంలో రాసే వివరం కాదు. అలాగని నిశ్చింతగా ఉండటానికీ లేదు. వారంటీలో ఉన్న బండికి బయటి పరికరం బిగిస్తే, రేపు గేరుబాక్సులో ఏదైనా తేడా వస్తే కంపెనీ చేతులెత్తేయవచ్చు. బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పి, వారి జవాబు దాచుకోవడం మేలు. తీసిన పాత లివర్‌ను పాత ఇనుము వాడికి వేయకుండా ఇంట్లో భద్రపరిస్తే, నచ్చకపోయినా, బండి అమ్మాల్సి వచ్చినా తిరిగి బిగించుకోవచ్చు.

చెయ్యి ఉన్నంత కాలం..

2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో తక్కువ ధర కార్లలోకీ క్లచ్చి లేని గేర్లు వచ్చేశాయి. ఊళ్లో ట్రాఫిక్ చూసి పెద్దలు వాటివైపు మొగ్గుతున్నారు. అయినా గేరు చేత్తో వేస్తేనే బండి నడిపినట్టు అనుకునేవారు ఈ ఊళ్లో తక్కువేమీ కాదు. వారి సరదాను ఎవరూ కాదనరు. రాడ్ పొట్టిదైనా, పొడుగుదైనా లోపల సింక్రోకు దాని క్షణం దానికి ఇవ్వాలి. అది ఇస్తే కంపెనీ ఇచ్చిన రాడ్‌తోనే గేరు వెన్నలా పడుతుంది. ఇవ్వకపోతే ఎంత ఖరీదైన కిట్ అయినా గేరుబాక్సును షెడ్డుకే చేరుస్తుంది.