జవాబు వెనుకనున్న లెక్క

అంగడివాడు మొత్తము మాత్రమే వ్రాసిన చీటీ నిచ్చినచో మన తల్లిదండ్రులు డబ్బు చెల్లింతురా? సరకుల వారీగా లెక్క చూపుమందురు. విశ్వవిద్యాలయములలో పరిశోధకులు ప్రకటించు ఫలితముల వెనుకను ఇట్టి లెక్క యుండును. వారు తీసిన కొలతలను, సేకరించిన అంకెలను దత్తాంశములందురు. వీనిని అందరికిని అందుబాటులో నుంచుటకు నేడు పెక్కు విశ్వవిద్యాలయములు యత్నించుచున్నవి. ఏల యత్నింపవలెనో తెలుపు ఉదంతము నొకదానిని ముందుగా చెప్పెదము.

2010లో అమెరికాలో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అను అర్థశాస్త్రజ్ఞు లొక వ్యాసమును ప్రకటించిరి. ప్రభుత్వ ఋణము దేశపు వార్షికోత్పత్తిలో నూటికి 90 వంతులు దాటిన సంపన్న దేశముల ఉత్పత్తి, సగటున ఏటికి నూటికి 0.1 వంతు తరిగినదని అందు కలదు. ప్రభుత్వ వ్యయమును తగ్గింపవలెనను నాయకులు పలువురు దానిని సాక్ష్యముగా చూపిరి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు ఆమ్‌హర్స్ట్ శాఖలో థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి, తరగతి పనిగా ఆ లెక్కను తిరిగి చేసెను. ఎన్నిమారులు చేసినను ఆ జవాబు రాలేదు. తుదకు రచయితలనే అడుగగా, వారు తమ లెక్కల పట్టికను పంపిరి. చూడగా, 20 దేశముల సగటు కట్టవలసిన చోట 5 దేశముల వరుసలు చేరనేలేదు! మరికొన్ని సంవత్సరముల అంకెలును విడిచిపోయినవి. సగటు కట్టిన పద్ధతియు అతనికి సరిగా తోచలేదు. అన్నియు సవరింపగా 2.2 వంతుల పెరుగుదల తేలెను. 2013లో అతడు తన గురువులతో గూడి ఈ సంగతిని ప్రకటించెను. వరుసల పొరపాటును రచయిత లంగీకరించిరి. తమ ముఖ్యాభిప్రాయమును మాత్రము విడువలేదు. ఆ పట్టిక మొదటినుండియు బహిరంగముగా నున్నచో మూడేండ్లు పట్టెడిదా యని మా సందేహము.

బ్రిటనులో ఇంజనీరింగు, భౌతికశాస్త్రముల పరిశోధనకు ధనమిచ్చు ప్రభుత్వ మండలి, దత్తాంశములను కనీసము 10 ఏండ్లు భద్రపరుపవలెననియు, వానిని పొందు మార్గమును వ్యాసముననే తెలుపవలెననియు కోరి, 2015 మే 1వ తేదీని గడువుగా నుంచెను. అయితే ఉత్తరువుతోనే మనసులు మారవు గదా! తమ శ్రమఫలమును ఇతరులు ముందుగా వాడుకొందురేమోయని కొందరు, తప్పులు బయటపడునని కొందరు, అంకెలను చక్కగా పేర్చి వివరములు వ్రాయుటకు తీరిక లేదని కొందరు వెనుదీయుదురు. ఇవి సోమరుల సాకులు కావు.

కావుననే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 2016లో ఒక ఉపాయము పన్నెను. ఆయా శాఖలలోని పరిశోధకులలోనుండియే స్వచ్ఛందముగా ముందుకు వచ్చినవారిని చేర్చుకొని, తోటివారికి నేర్పు పనిని వారి కప్పగించెను. పై అధికారి మాటకంటె పక్క బల్లవాని మాట చెవి కెక్కును. హాలండులోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయము తన 8 విభాగములలోను ఇందుకై జీతముపై ఉద్యోగులను నియమించెను. తీరిక వేళల సేవకంటె ఇదియే నిలుకడైనదని మేము తలంచుచున్నాము.

రోగుల వివరముల వంటివి బహిరంగపరుపరాదు. అట్టి చోట్ల దత్తాంశము లెక్కడ నున్నవో, ఎవరి యనుమతితో చూడవచ్చునో తెలిపిన చాలును.